సోకు ఎవరి సొత్తు?

వాడ చరిత్ర ముచ్చట్లు – 9వ భాగం



ఈ వారం చెప్పుల చరిత్ర రాస్తానని మాటిచ్చిన. దాన్ని వచ్చే వారానికి జరుపుతున్న. మధ్యలో ఒక పిల్ల అడిగిన ప్రశ్న నన్ను నిద్రపోనియ్యలేదు. ముందు దానికి జవాబు చెప్పాలె.

మా దగ్గర ఫైనలియర్ పిల్లల వీడ్కోలు సభ జరిగింది. పెన్‌పహాడ్ దిక్కు ఊర్ల నుంచి పొద్దున బస్సుల్లో, ఆటోల్లో వచ్చే పిల్లలు ఆ రోజు గుర్తుపట్టనట్టు తయారై వచ్చిండ్రు. నెట్ చీరలు, అద్దాల జాకెట్లు, సూర్యాపేట పార్లర్‌లో నిలువుగా సాపు చేయించిన జుట్టు. అందులో ఒక పిల్ల మా వాడ లాంటి వాడ నుంచే వచ్చింది. తల్లి కైకిలికి పోతది. పిల్ల ముదురు ఎరుపు లిప్‌స్టిక్ వేసుకున్నది. చాలా బాగున్నది.

స్టాఫ్ రూమ్‌లో ఒకాయన ఆమెను కిటికీలోంచి చూసి, "స్కాలర్‌షిప్ రాలేదని దరఖాస్తులు పెడ్తరు, మూతికి రంగులకు మాత్రం పైసలుంటయి" అన్నడు. నలుగురు నవ్విండ్రు. నేను నవ్వలేదు. కానీ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. టెలుగు సాహిత్యంలో డాక్టరేట్ ఉన్నది, సభల్లో మైకు దొరికితే గంట మాట్లాడుత. ఆ నిమిషం మాత్రం హాజరు పట్టీ తిరగేసుకుంట కూసున్న.

ఆ మాట గుమ్మం దాక వచ్చిన ఆ పిల్ల చెవిన పడ్డది. సాయంత్రం నా దగ్గరికొచ్చి అడిగింది: "మేడమ్, నేను మంచిగ తయారైతే వాళ్లకేం నష్టం?"

ఇది చిన్న ప్రశ్న కాదు. దీని వెనక రెండువేల ఏండ్ల జవాబున్నది.

*

మనుస్మృతి పదో అధ్యాయం తీసి చూడండి. చండాలురు అని ముద్రవేసిన మనుషులు ఎక్కడ ఉండాలె, ఎట్ల తినాలె అని చెప్పినంక, ఏం కట్టుకోవాలె, ఏం పెట్టుకోవాలె అని కూడా చెప్తది. కట్టుకునేది శవం మీది బట్ట. తినేది పగిలిన కుండలో. పెట్టుకునే నగ ఇనుముది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. నగ పెట్టుకోవద్దని అనలేదు. ఇనుప నగ పెట్టుకొమ్మన్నది. ఎందుకు? నగ అందానికి కాదు, గుర్తుకు. దూరం నుంచి చూస్తేనే ఎవరో తెలియాలె. నోరు తెరిచి కులం అడిగే పని కూడా పడొద్దు. బట్ట చెప్పాలె, నగ చెప్పాలె, కట్టు చెప్పాలె.

మా స్టాఫ్ రూమ్ ఆయనకు మనుస్మృతి తెల్వకపోవచ్చు. కానీ ఆయన బాధ ఆ అధ్యాయంలోదే. ఆ పిల్లను చూస్తే ఎవరి పిల్లనో తెలుస్తలేదు. అదే నష్టం.

*

మా అవ్వ ముచ్చట చెప్త. నిజాం కాలంలో పుట్టిన మనిషి. నుదుటి మీద, రెండు చేతుల మీద పచ్చబొట్లు. కాళ్లకు వెండి కడాలు ఉండేవట. కరువు ఏడాది అమ్ముకున్నరు. గోచి పోసి చీర కట్టేది. చీర మోకాలు దాటి కిందికి రాకపోయేది. నేను చిన్నప్పుడు, నాటేసేటప్పుడు బురదకు ఎత్తికట్టుడు అలవాటై అట్ల కట్టుకుంటున్నదనుకునేదాన్ని. ఒకసారి అడిగితే చెప్పింది: "పొలంల బురదకు ఎత్తికట్టినం బిడ్డా, ఊర్లె దొరసాని కండ్లకు ఎత్తికట్టినం."

ఒక దసరాకు మా తాత సూర్యాపేట అంగట్ల అంచున్న రంగు చీర తెచ్చిండట. అది కట్టుకొని కళ్లంలకు పోతే, అక్కడ కూసున్న పెద్దమనిషి "ఇయ్యాల ఎవరి పెండ్లే?" అన్నడట. అంతే. తిట్టలేదు, కొట్టలేదు. అందరూ నవ్విండ్రు. మా అవ్వ ఆ చీరను మళ్ల ఊర్లె కట్టలేదు. పుట్టింటికి పోయేటప్పుడు మూటల పెట్టుకపోయి, అక్కడ కట్టుకునేదట.

ఎవరి పెండ్లే అన్న ఆ మాటకు, మూతికి రంగులన్న ఈ మాటకు నడుమ ఏడు పదుల ఏండ్లు గడిచినయి. నవ్వు మాత్రం అదే.

మన సూర్యాపేట అప్పట్లో నల్లగొండ జిల్లాలో తాలూకా. ఇక్కడి వెట్టి ఎట్లుండెనో పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వచ్చిన తన తెలంగాణ పోరాట పుస్తకంలో వివరంగా రాసిండు. మాదిగలు ఊరి పెద్దలకు ఉత్తగ చెప్పులు కుట్టియ్యాలె. కుట్టినోళ్లు మాత్రం గడి ముందట చెప్పులు చేతబట్టుకొని నడవాలె. ఇంకో వ్యవస్థ ఆడబాప. దొర బిడ్డకు పెండ్లయితే, నగలతోపాటు, సామానుతోపాటు, ఊడిగం చెయ్యడానికి ఆడపిల్లలను కూడా పంపేది. ఒక పిల్ల ఒంటి మీద నగలు. ఇంకో పిల్లనే ఆ నగల్లో ఒకటి.

ఇది 1946–51 పోరాటానికి ముందటి నల్లగొండ. మన అవ్వల కాలమే.

*

ఈ సంగతి మన దగ్గరనే కాదు. దక్షిణాన తిరువాన్కూర్ సంస్థానం చూడండి. అక్కడ నాడార్ స్త్రీలు పై కులాల ముందట ఛాతీ కప్పుకోవద్దు. క్రైస్తవంలోకి మారినవాళ్లు రవిక తొడుక్కుంటే సంతల్లో చించేసిండ్రు. 19వ శతాబ్దం మొదటి సగమంతా ఈ గొడవ రగిలింది. 1829లో సర్కారు ప్రకటన, నాయర్ స్త్రీల లాగ పైబట్ట వేసుకోవద్దని చెప్పింది. 1858–59లో ఇండ్లు, బడులు, చర్చిలు తగలబడ్డయి. చివరికి మద్రాసు గవర్నర్ ఒత్తిడితో 1859 జూలైలో రాజు కొత్త ప్రకటన చేసిండు: నాడార్ స్త్రీలు ఛాతీ కప్పుకోవచ్చు.

కానీ ఒక షరతు పెట్టిండు. పై కులాల స్త్రీలు కప్పుకునే తీరులో మాత్రం కప్పుకోవద్దు.

విద్యార్థులారా, ఈ షరతు దగ్గర గీత గీసుకోండి. సిగ్గు, సంప్రదాయం, మర్యాద అని ఇన్నేండ్లు చెప్పిన మాటలన్నీ ఈ ఒక్క షరతుతో కొట్టుకపోయినయి. వాళ్ల బాధ ఒళ్లు కనపడుతున్నదా లేదా అని కాదు. మీరు మాలెక్క కనపడొద్దు అని.

అదే కేరళలో 1915లో అయ్యంకాళి నాయకత్వంలో ఇంకో పోరాటం జరిగింది. పులయ స్త్రీలు మెడనిండా రాతిపూసల దండలు వేసుకోవాలె. దాన్ని కల్లుమాల అంటరు. అది వాళ్లు ముచ్చటపడి వేసుకున్నది కాదు, కులం గుర్తు. కొల్లం దగ్గర పెరినాడ్‌లో దాన్ని తీసేసినందుకు దాడులు జరిగినయి. చివరికి కొల్లం సభలో ఆడవాళ్లు ఆ దండలు తెంపి కుప్పపోసిండ్రు. ఒకచోట బట్ట వేసుకోవడానికి కొట్లాట. ఇంకోచోట నగ తీసెయ్యడానికి కొట్లాట. రెండూ ఒక్కటే కొట్లాట.

1927 డిసెంబర్‌లో బాబాసాహెబ్ మహాడ్‌లో మనుస్మృతిని తగలబెట్టించిండని మనందరికీ తెలుసు. డిసెంబర్ 25 మనం ఏటా చేసుకుంటం. అదే సభకు వచ్చిన ఆడవాళ్లతో ఆయన విడిగా ఏం మాట్లాడిండో మాత్రం మన ఉపన్యాసాల్లో రాదు. మీ చీరకట్టు మీ అంటరానితనానికి గుర్తయింది, దాన్ని మార్చుకోండి అన్నడు. మెడనిండా, మోచేతుల దాక వేసుకునే ఆ బరువు నగలు కూడా గుర్తులే, తీసెయ్యండి అన్నడు. బట్ట చినిగినా సరే శుభ్రంగా కట్టుకోండి, ఆడపిల్లలను చదివించండి అన్నడు. ఆ సభ తర్వాత మహర్ స్త్రీలు చీరకట్టు మార్చుకున్నరు.

ఇనుప నగ పెట్టుకొమ్మన్న పుస్తకం ఒకదిక్కు కాలింది. ఇంకోదిక్కు ఆ నగలు తీసెయ్యాలన్న మాట వినిపించింది. ఇది ఫ్యాషన్ ముచ్చట కాదంటరా? అయితే రాజకీయం ఏది?

*

సినిమా దగ్గరికి వద్దాం. మన పిల్లలకు అందం అంటే ఏందో నేర్పింది అదే కదా.

1930లో తిరువనంతపురంలో 'విగతకుమారన్' అనే మూకీ సినిమా ఆడింది. అందులో నాయర్ స్త్రీ వేషం వేసిన పి.కె. రోజీ దళిత మహిళ. తెర మీద ఒక దళిత ఆడది నాయర్ స్త్రీ చీర కట్టుకొని, పూలు పెట్టుకొని కనపడేసరికి జనం తెర మీదికి రాళ్లేసిండ్రు. ఆమె ఇల్లు తగలబెట్టిండ్రు. ఆమె ఊరు విడిచి తమిళ ప్రాంతానికి పారిపోయి, పేరు చెప్పుకోకుండ బతికింది. మళ్ల సినిమాల్లో కనపడలేదు.

ఎనిమిదేండ్లకు, 1938లో, మన తెలుగులో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీసిండు. కథ చలంది, మాటలు తాపీ ధర్మారావుయి. కాంచనమాల మాలపిల్లగా వేసింది. పల్లెపిల్ల కలకత్తా పోయి, చదువుకొని, మాటా కట్టూ మార్చుకుంటది. జనం విరగబడి చూసిండ్రు. కాంచనమాల బొమ్మ క్యాలెండర్ల మీదికెక్కింది.

ఆ సినిమా గొప్పదే. అప్పటి లెక్కకు తెగువ ఉన్నదే. నేను క్లాసులో కూడా చెప్పుత. కానీ రెండు సినిమాలు పక్కపక్కన పెట్టి చూడండి. తార మాలపిల్ల వేషం వేస్తే క్యాలెండర్. దళిత పిల్ల నాయర్ స్త్రీ వేషం వేస్తే రాళ్లు. కిందికి దిగి వేషం వేస్తే నటన అంటరు. పైకి ఎక్కి వేస్తే పొగరు అంటరు.

*

సాహిత్య విద్యార్థులకు ఇక్కడ ఒక పాఠం ఉన్నది. జయప్రభ 'పైటను తగలెయ్యాలి' అని రాసింది. పైట ఆడదాని ఒంటి మీద మగవాడి చూపు వేసిన సంకెల అని స్త్రీవాదం చెప్పింది. నిజమే. జూపాక సుభద్ర 'కొంగు' రాసింది. అక్కడ కొంగు సిగ్గుకు కావలి కాదు, పనిలో తోడు. చెమట తుడిచేది, మూట కట్టేది. అదీ నిజమే. మా అవ్వ కొంగు చూసినోళ్లెవరికైనా తెలుసు. ఇక తిరువాన్కూర్ నాడార్ స్త్రీని అడిగితే, పైట కోసం మా ఇండ్లు తగలబడ్డయి అంటది.

ముగ్గురిలో ఎవరు తప్పు? ఎవరూ కాదు. ఒకే గుడ్డ ఒకరికి సంకెల, ఒకరికి పనిముట్టు, ఒకరికి హక్కు. అందుకే ఆడపిల్లల బట్టల గురించి మాట్లాడేటప్పుడు ఏ ఆడపిల్ల అని అడగకుండ మాట్లాడితే సగం చరిత్ర పోతది.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలె. మన పిల్లలను ఈ సమాజం సింగారించనే లేదా? సింగారించింది. జోగినిని చేసేటప్పుడు సింగారించింది. పసుపు పూసి, కొత్త చీర కట్టి, పూలు పెట్టి, దేవునికిచ్చి పెండ్లి చేసి, ఊరి పెద్దలకు అప్పజెప్పింది. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ గత శతాబ్దం మొదట్లోనే దీని మీద కొట్లాడిండు. చట్టం రావడానికి 1988 దాక పట్టింది. అంటే మన ఆడపిల్ల సింగారం వాళ్లకు పనికొస్తే ఆచారం. తనకోసం తాను చేసుకుంటే సోకు.

*

ఇప్పటిదాక బయటివాళ్ల గురించి చెప్పిన. ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. ఇది నా చెల్లెండ్లకు.

ఆ పిల్ల నా దగ్గర ఇంకో మాట కూడా చెప్పింది. ఆ రోజు అందరికన్న పెద్ద పొగడ్త తన దోస్తు నుంచి వచ్చిందట: "నువ్వు అసలు మీవాళ్ల లెక్కనే లేవు తెలుసా!" ఆ మాట చెప్పేటప్పుడు ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు స్టాఫ్ రూమ్ మాటకన్న ఎక్కువ బాధైంది.

మన భాషలోనే ఉన్నది ఈ జబ్బు. "నల్లగున్నా కళగల మొఖం" అంటరు. ఆ "ఉన్నా" అనే మాట చూడండి. వ్యాకరణం చెప్పేదాన్ని కాబట్టి చెప్తున్న, అక్కడ దానికి అవసరం లేదు. నలుపు తప్పని ముందే ఒప్పుకుంటేనే ఆ "ఉన్నా" వస్తది. "తెల్లగున్నా కళగల మొఖం" అని ఎవరైనా అన్నరా?

నిజానికి మన పాత సాహిత్యానికి నలుపంటే ఇంత భయం లేదు. ద్రౌపది అసలు పేరు కృష్ణ, అంటే నల్లనిది. మన సూర్యాపేట పక్కన పిల్లలమర్రి గుళ్లల్ల, అటు రామప్పల కాకతీయుల కాలం శిల్పులు ఆడవాళ్ల అందాన్ని నల్లరాతిలోనే చెక్కిండ్రు. 2025 మేలో హైదరాబాద్‌లో 72వ మిస్ వరల్డ్ పోటీలు పెట్టి, ప్రపంచ సుందరులను రామప్పకు తీసుకపోయి అవే బొమ్మలు చూపిచ్చిండ్రు. ఆ రోజు గుడి దగ్గర మన ఆడవాళ్లతో ఆ వచ్చినవాళ్ల కాళ్లు కడిగిచ్చిన వీడియోలు మీరందరూ చూసే ఉంటరు. ఆతిథ్యం అన్నరు. గడి ముందట చెంబు పట్టుకొని నిలబడ్డ అవ్వల మనుమరాండ్లకు ఆ చెంబు బరువు తెలుసు.

నల్లరాతి బొమ్మకు టికెట్ పెట్టి చూపిస్తం. నల్లటి పిల్లకు క్రీము అమ్ముతం. ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో మన మార్కెట్‌లోకి వచ్చింది. ఉద్యోగం రావాలంటే, పెండ్లి కావాలంటే తెలుపు కావాలె అని నలభై అయిదేండ్లు ప్రకటనలు వేసింది. 2020లో అమెరికాలో నల్లవారి ప్రాణాల కోసం ఉద్యమం లేస్తే, దాని వేడికి పేరు గ్లో అండ్ లవ్లీ అయింది. పేరు మారింది, డబ్బా మీద ఆశ మారలేదు.

దానికన్న ప్రమాదమైనది ఇంకోటి ఉన్నది. మందుల షాపుల్లో "తెల్లగైతది" అని చేతికిచ్చే కొన్ని చిన్న ట్యూబులు స్టెరాయిడ్ మందులు. వారం పది రోజులు మొఖం మెరుస్తది. తర్వాత చర్మం పలచబడుతది, ఎర్రగైతది, మొటిమలు, వెంట్రుకలు వస్తయి. ఆపితే మంట, అందుకే ఆపలేరు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టర్ చీటీ లేకుండ అమ్మొద్దని చెప్పింది. బెటామెథాసోన్, క్లోబెటాసోల్ అనే పేర్లు ట్యూబ్ మీద కనపడితే మొఖానికి పెట్టకండి. పెట్టి ఉంటే సిగ్గుపడకండి, ఒక్కసారే ఆపకుండ చర్మ డాక్టర్‌కు చూపించండి.

తండాల పిల్లలకూ ఇదే అనుభవం. మన మండలంలో లంబాడా అవ్వల అద్దాల కంచలి, పూసల కుట్టు చూసి బస్సులో మొఖం తిప్పుకున్నోళ్లే, అదే అద్దాల పనిని బొటిక్‌లో వేలు పోసి కొనుక్కుంటున్నరు. కుట్టు విలువ పెరిగింది. కుట్టిన అవ్వ విలువ పెరగలేదు.

*

ఇక్కడ ఒక అన్న నన్ను ఆపుతడని తెలుసు. "అక్కా, మహాడ్‌లో బాబాసాహెబ్ గుర్తులు చెరిపెయ్యమన్నడు అంటివి. మరి జుట్టు సాపు చేసుకుంటే, మొఖం తెల్లగ చేసుకుంటే గుర్తు చెరిపినట్టే కదా?"

కాదు తమ్ముడా. ఆ తేడానే ఈ వ్యాసమంతా.

మోకాలి పైకి చీరకట్టు, కల్లుమాల, ఇనుప కడియం వాళ్లు మనమీద పెట్టిన గుర్తులు. వాటిని తీసేస్తే మనం మిగులుతం. ఒంటి రంగు ఎవరూ పెట్టిన గుర్తు కాదు. అది అవ్వ నుంచి అమ్మకు, అమ్మ నుంచి మనకు వచ్చింది. దాన్ని చెరిపితే మనమే మిగలం. అసలు రంగుకు కులం లేదు. నల్లటి బ్రాహ్మలున్నరు, తెల్లటి మాదిగలున్నరు. అయినా "మీవాళ్ల లెక్క లేవు" అంటే ఆ పిల్లకు పొగడ్తలాగ వినపడ్డదంటే, మనం తెంపిన కల్లుమాలను మార్కెట్ కొత్త పూసలతో మళ్ల మెడల వేసింది.

లిప్‌స్టిక్ వేరు, ఇది వేరు. లిప్‌స్టిక్ తుడుచుకుంటే పోతది. నచ్చితే వేసుకుంటం, లేకుంటే లేదు. నేను అద్దంలో నన్ను చూసుకొని మురుస్తున్ననా, నన్ను దాచుకుంటున్ననా? జవాబు మీకే తెలుస్తది, నాకు చెప్పక్కర లేదు.

మన సంఘాల అన్నలకు కూడా ఒక మాట. ఆడపిల్లలు మీటింగులకు రంగు చీరలో వస్తే "ఉద్యమం ఫ్యాషన్ షో అయింది" అని నవ్వకండి. కోటు, టై కట్టిన మనిషి బొమ్మ పెట్టుకొని జై భీమ్ అంటున్నం మనం. బాగా తయారవుడు ఆయనకు గౌరవమైతే, ఆమెకు సోకు ఎట్లయితది?

*

మరునాడు ఆ పిల్లను పిలిచిన. నిన్న నేను మాట్లాడకపోవుడు తప్పు అని చెప్పిన. ఆమె కొంచెంసేపు ఊకున్నది. "మీరు కూడా మాట్లాడరని తెల్సు మేడమ్" అన్నది. కోపంతో అనలేదు. మామూలుగా అన్నది. అది ఇంకా బరువు.

తర్వాత ఆ స్టాఫ్ రూమ్ ఆయన దగ్గరికి పోయి, అందరి ముందట, ఆ మాట తప్పని చెప్పిన. ఆయన "జోక్ మేడమ్" అన్నడు. "ఎవరి పెండ్లే" అన్నది కూడా జోకే అని మా అవ్వ కథ చెప్పిన. ఈసారి ఎవరూ నవ్వలేదు.

విద్యార్థులకు ఒక పని. ఈ సెలవుల్లో మీ అవ్వ దగ్గర కూసోండి. చిన్నప్పుడు ఏం కట్టేది, ఏ నగ ఉండేది, అది ఏమైంది, ఏది కట్టుకుంటే ఎవరేమన్నరు అని అడగండి. ఫోన్ల రికార్డు చేయండి. ఆమె పచ్చబొట్ల ఫొటో తీయండి. మన బట్టల చరిత్ర ఏ గ్రంథాలయంలో లేదు, ఆ చేతుల మీదనే ఉన్నది. ఆ చేతులు ఎక్కువ రోజులు ఉండవు.

మా అవ్వ అంచు చీర ఏమైందో నాకు తెల్వదు. దాన్ని మన ఊరి నడిబజార్ల ఒక్కసారన్నా కట్టుకొని నడిచి ఉంటే బాగుండు అనిపిస్తది. ఆమె నడవలేదు. ఆ పిల్ల నడిచింది.

వచ్చే వారం చెప్పుల ముచ్చట.

జై భీమ్.